వెబ్‌సైట్ లెక్కకు, మా తండా మాటకు పొంతన లేదు. ఉపాధి హామీ ప్రాజెక్టుల ఏ అంకె వాడాలె?

ప్రశ్న: డిండి_పిల్లగాడు

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దిక్కు ఒక తండా. నల్గొండల ఎంఏ ఎకనామిక్స్ చదువుతున్న. ప్రాజెక్టుకు ఉపాధి హామీ తీసుకున్న. వెబ్‌సైట్‌ల ఉన్న లెక్కలు దించుకొని పట్టికలు వేస్తే సరిపోతదని గైడ్ సారు చెప్పిన్రు. దించుకున్న. అసలు తిప్పలు అప్పటి నుంచే.

మా పంచాయతీకి పని అడిగిన కుటుంబాలు ఎన్ని, పని ఇచ్చిన కుటుంబాలు ఎన్ని అని రెండు కాలమ్‌లు ఉన్నయి. రెంటిల దాదాపు ఒకటే అంకె. నిరుద్యోగ భృతి దగ్గర సున్న. ఇది చూసినోళ్లు అడిగినోళ్లందరికి టైముకు పని దొరికిందనే అనుకుంటరు. కానీ పత్తి ఏరుడు అయిపోయినంక, సంక్రాంతి దాటినంక, పని పెట్టుమని మా తండా ఆడోళ్లు అడుగుతనే ఉన్నరు. అందుల మా అమ్మ కూడా ఉన్నది. పని మొదలైంది ఏప్రిల్‌ల. అప్పటికే చానా మంది హైదరాబాద్ సైట్ల మీదికి పోయిన్రు.

ఇంకొకటి. మా చిన్నమ్మ పేరు జాబ్ కార్డుల నుంచి తీసేసిన్రు. కారణం కాడ ‘పని చేయుటకు ఇష్టపడుట లేదు’ అని ఉన్నది. ఆమె అంతకుముందు ఏడాది ఎండాకాలం అంతా కందకాలు తవ్వింది.

ఇప్పుడు ప్రాజెక్టుల నేను ఏం రాయాలె? వెబ్‌సైట్ అంకె వేస్తే మా అమ్మ చెప్పేది తప్పయితది. మా అమ్మ మాట రాస్తే ‘ఆధారం ఏది’ అంటరు. ఈ పని దగ్గరి నుంచి చూసినోళ్లు ఎవరన్న ఉంటే చెప్పున్రి.

జవాబు: పాలమూరు_అక్క

తమ్మీ, ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పటి నుంచి సామాజిక తనిఖీల, అంటే ఉపాధి లెక్కలు ఊర్లె జనం ముంగట సరిచూసే పనిల ఉన్న. మొదట్ల ఊర్ల కాడ, తర్వాత డీఆర్‌పీగ (జిల్లా రిసోర్స్ పర్సన్). పాత మహబూబ్‌నగర్ జిల్లాల నేను తిరగని మండలం తక్కువ. నీ అనుమానం సరైనదే. కానీ వెబ్‌సైట్ మొత్తం అబద్ధమని కూడా అనుకోకు. ఒక్కో అంకె ఒక్కో కాడ పుడతది. ఆ అంకె ఎవరు ఎక్కించిన్రు, ఏ రోజు ఎక్కించిన్రు, అది పెరిగితే ఎవరికి మేలు, తగ్గితే ఎవరికి మెమో వస్తది, ఇవి అడుగు. ఏది ఎంత నమ్మాల్నో అప్పుడు తెలుస్తది.

ముందు డిమాండ్ సంగతి చెప్త. 2005 ఉపాధి హామీ చట్టం ప్రకారం మీ అమ్మ పని కావాలని దరఖాస్తు ఇస్తే తేదీ వేసి రశీదు ఇయ్యాలె. ఆ తేదీ నుంచి 15 రోజులల్ల పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇయ్యాలె. మొదటి 30 రోజులకు కూలిల కనీసం నాలుగో వంతు, ఆ తర్వాత కనీసం సగం. ఈ పైసలు రాష్ట్ర ఖజానా నుంచి పోవాలె. ఇంక రశీదు ఎవరు ఇస్తరు చెప్పు? మండలంల ఒక్క రశీదు బయటికి వచ్చిందంటే పైనుంచి అడిగేటోళ్లు పదిమంది తయారైతరు.

అందుకని ఊర్లె జరిగేది వేరే తీరు. పని మంజూరైతది, అంచనా తయారైతది, అప్పుడు ఊర్లె ఉపాధి పని చూసే ఫీల్డ్ అసిస్టెంట్ వచ్చి ‘సోమవారం నుంచి పని ఉన్నది, ఎవరెవరు వస్తరు’ అని అడుగుతడు. వస్తమన్నోళ్ల పేర్లు డిమాండ్ కింద కంప్యూటర్‌ల పడతయి. డిమాండ్ లేంది మస్టర్ (హాజరు పట్టీ) తీయరాదు గదా, అందుకోసం పడతయి. నీ పట్టికల ఉన్న తేదీ ఆఫీసు పని పెట్టాలనుకున్న తేదీ. మీ అమ్మ అడిగిన తేదీ అందుల ఎక్కడా లేదు. పని అడిగిన లెక్క, పని ఇచ్చిన లెక్క ఒకే వారం ఒకే చేతి మీదుగ ఎక్కినంక అవి కలవకుండ ఎట్లుంటయి?

ఇంటింటికి పోయి అడిగిన లెక్క చూస్తే తేడా తెలుస్తది. 2009-10ల జాతీయ నమూనా సర్వే వాళ్లు ఈ పథకం గురించి ఊర్లల్ల అడిగిన్రు. దేశం మొత్తం మీద నూటికి 45 గ్రామీణ కుటుంబాలు మాకు పని కావాలె అన్నయి. అందుల పని దొరికింది 56 శాతానికే. ఆఫీసు కాయితం మీద ‘అడిగి దొరకనోళ్లు’ దాదాపు లేరు, సర్వేల మాత్రం అంతమంది తేలిన్రు. ప్రాజెక్టుల ఈ పోలిక పెట్టు. ఇది జాతీయ సర్వే లెక్క, మీ అమ్మ ఒక్కతే చెప్పే మాట కాదని గైడ్ సారుకు కూడా తెలుస్తది.

డబ్బుల కాలమ్ దీనికన్న గట్టిది. ఖాతాల పైసలు పడితేనే అది నిండుతది కాబట్టి ఉత్తగ అల్లుడు కష్టం. కానీ ఎవరి ఖాతాల పడ్డయో అదే చెప్తది, ఎవరి చేతులు మన్ను తవ్వినయో చెప్పదు. ఒక ఊర్లె ఒక ఒంటరామె ఇంటికి పోయినం. చదువు రాదు. తలుపు వెనుక పాల లెక్కకు పెట్టుకున్న క్యాలెండర్ ఉన్నది. పాలకు నీలం పెన్ను గీత, ఉపాధి పనికి పోయిన దినం కుంకుమ బొట్టు. మా కాయితంల ఆమె పేరు మీద ఆరు వారాలు ఉన్నది. క్యాలెండర్‌ల నాలుగు వారాలకే బొట్లు ఉన్నయి. మిగిలిన రెండు వారాలు ఆమె చెల్లెలి ఊర్లె పురుటికి పోయింది, ఆ సంగతి ఊరంతా ఎరుకే. ఆ రెండు వారాల పైసలు కూడా ఆమె ఖాతాలనే పడ్డయి, పడ్డంక అడిగి తీసుకపోయిన్రు. ఆమె భయపడుకుంట చెప్పింది, గ్రామసభల మాత్రం నిలబడి చెప్పింది. కంప్యూటర్‌ల చూస్తే ఆ ఇంటికి లెక్కంతా సక్కగనే ఉన్నది. నువ్వు ఊర్లెకు పోతే పాస్‌బుక్ ఒక్కటే అడుగకు, క్యాలెండర్ ఉన్నదా, నోటుబుక్ ఉన్నదా అని కూడా అడుగు. ఆడోళ్లు మనం అనుకున్న దానికన్న ఎక్కువ రాసిపెట్టుకుంటరు.

ఆలస్యం లెక్కల ఇంకో మెలిక ఉన్నది. మస్టర్ ముగిసిన 15 రోజులల్ల కూలి ఇయ్యాలె, దాటితే రోజుకు 0.05 శాతం పరిహారం. అయితే ఎన్ని రోజులు ఆలస్యమైందో లెక్కగట్టుడు మండలం నుంచి చెల్లింపు ఆర్డర్ పోయేటాళ్లకు ఆగిపోయేది. ఆ తర్వాత పైన కేంద్రం కాడ నిధులు ఆగితే ఆ రోజులు లెక్కలకు వచ్చేవి కావు. ఇది సుప్రీంకోర్టు దాకా పోయింది. 2018 మేల కోర్టు కూడా తప్పుబట్టింది. ‘టైముకు చెల్లింపు ఇంత శాతం’ అని ఎక్కడన్న కనబడితే, అది ఆర్డర్ పోయిన తేదీ వరకా, పైసలు చేతికి వచ్చిన తేదీ వరకా చూసుకో.

ఇంక పేర్ల తొలగింపు. 2023 జూలైల పార్లమెంటుకు కేంద్రమే ఇచ్చిన జవాబు ఉన్నది. 2022-23 ఒక్క ఏడాదిల దేశంల 5 కోట్లకు పైగ కూలీల పేర్లు తీసేసిన్రు. మన తెలంగాణల అంతకుముందు ఏడాది 61 వేల చిల్లర ఉన్నది, ఆ ఏడాది 17 లక్షలు దాటింది. కారణాల జాబితాల ఉన్నవి: దొంగ కార్డు, రెండోసారి ఎక్కిన కార్డు, పని ఇష్టం లేదు, ఊరు విడిచి పోయిన్రు, చనిపోయిన్రు. కూలీల ఆధార్ జోడించి ఆ శాతం పెంచాలని ఒత్తిడి నడిచిన కాలం కూడా అదే. ఆధార్ కలవని పేరు జాబితాల ఉంటే శాతం తగ్గుతది, పేరు తీసేస్తే పెరుగుతది. అన్ని తొలగింపులు గట్లనే జరిగినయని నేను అనను. నిజంగ చనిపోయినోళ్లు, పెండ్లి చేసుకొని పోయినోళ్లు ఉంటరు. కానీ ‘ఇష్టం లేదు’ అనే గడి నిండాలంటే ఎవరన్న ఆ మనిషిని అడిగి ఉండాలె గదా. మీ చిన్నమ్మను ఎవరన్న అడిగిన్రా? అడగకపోతే ఆ కాలమ్‌ల అంకెలు వేసి శాతాలు కట్టకు. ‘రికార్డుల ఇట్ల రాసి ఉన్నది’ అని మాత్రం రాయి.

చిన్నమ్మ పేరు కోసం మాత్రం ప్రాజెక్టు అయ్యేదాక ఆగకు. పాత జాబ్ కార్డు, ఆధార్, కూలి పడ్డ పాస్‌బుక్ పేజీ జిరాక్స్ పెట్టి ఎంపీడీవో పేరు మీద దరఖాస్తు రాయి. నకలు మీద తేదీ, ముద్ర వేయించుకో. నోటిమాటకు ఎవరూ జవాబుదారీ కారు.

ఏండ్ల మీద ఏండ్లు పోల్చేటప్పుడు ఇంకో జాగ్రత్త. 2016 అక్టోబర్‌ల జిల్లాలు విడిపోయినయి, నారాయణపేట 2019ల వచ్చింది. 2018 చట్టంతోని తండాలు సొంత పంచాయతీలైనయి. మీ తండా కూడా అప్పుడే అయి ఉంటది. పాత పంచాయతీ అంకె, కొత్త పంచాయతీ అంకె పక్కపక్కన పెట్టి ‘పని సగానికి పడిపోయింది’ అని రాస్తే ఆ పట్టిక తప్పు. ఇంకా, 2020 మార్చిల సమ్మె తర్వాత రాష్ట్రంల 7 వేలకు పైగ ఫీల్డ్ అసిస్టెంట్లను తీసేసిన్రు. 2022ల మళ్లీ తీసుకున్నరు. ఆ నడుమ రెండేండ్లు ఈ భారం పంచాయతీ కార్యదర్శుల మీద పడ్డది. నర్సరీ, పల్లె ప్రకృతి వనం, డంపింగ్ యార్డు, శ్మశానవాటిక అన్నీ చూసుకుంటనే మస్టర్ కూడా చూసిన్రు. ఆ రెండేండ్ల లెక్కలు పోల్చేటప్పుడు ఈ సంగతి పట్టిక కింద రాసుకో.

జవాబు: నల్లమల_మేట్

అక్క చెప్పినయి కరెక్టే. నేను అమ్రాబాద్ దిక్కు మేట్‌గ చేస్తున్న, అంటే పని కాడ కూలీల హాజరు చూస్త. ఫోటోల గురించి ఒక మాట చెప్తనన్నా.

2023 జనవరి నుంచి హాజరు ఫోన్ యాప్‌లనే. పొద్దున ఒక ఫోటో, నాలుగు గంటలైనంక ఇంకో ఫోటో. దొంగ హాజరు ఆగుతదని పెట్టిన్రు. మాకాడ గుట్టల కింద సిగ్నల్ ఉండదు. ఫోటో దిగుతది కానీ పోదు. ఊర్లెకు వచ్చినంక ట్యాంకు కాడ నిలబడి ఎక్కిస్త. ఒక్కోసారి పొద్దున్నది ఎక్కి, రెండోది ఎక్కదు. అప్పుడు పని చేసిన మనిషికి కూడా ఆ దినం కూలి లేకుంట పోతది. ముసలామె నా ఇంటి ముంగట కూసోని ‘నేను రాలేదా బిడ్డా, నువ్వే చూసినవ్ గదా’ అంటది. నేను చూసిన, యాప్ చూడలే. ఆ ఒక్క దినం 2025-26 రేటు ప్రకారం 307 రూపాయల దాకా. ఆమెకు అది చిన్న పైస కాదు.

ఇటుదిక్కు ఇట్లుంటే అటుదిక్కు దొంగతనం ఆగలే. 2025 జూలైల ఢిల్లీ నుంచి గ్రామీణాభివృద్ధి శాఖనే సర్క్యులర్ తీసింది. పనికి సంబంధం లేని ఫోటోలు పెడుతున్నరని, ఫోటోకే మళ్ల ఫోటో తీసి పెడుతున్నరని, ఒకటే ఫోటో వేరే వేరే మస్టర్లకు వాడుతున్నరని, ఫోటోల ఉన్న మందికి మస్టర్‌ల ఉన్న మందికి లెక్క కుదురుత లేదని, ఆడ మగ లెక్క కూడా తప్పుతున్నదని అందుల్నే రాసిన్రు. ఇంక ఆ ఫోటోలు అన్నీ చూసి సరిచేసే పని మళ్ల పంచాయతీ మీదనే పెట్టిన్రు. ఎక్కించేది ఊర్లెనే, చూసేది ఊర్లెనే.

నువ్వు చదువుకున్న పిల్లగానివి కాబట్టి చెప్తున్న. రాసేటప్పుడు ‘లెక్క ఎక్కువ చూపిస్తున్నరు’ అని ఒక్కటే రాయకు. పనిచేసి లెక్కకు రానోళ్లు కూడా ఉన్నరు. వాళ్ల గురించి ఎవరూ రాయరు.

జవాబు: సూర్యాపేట_టు_ఒహాయో

ఈ చర్చ చదువుతుంటే ఇక్కడి సంగతి ఒకటి రాయాలనిపించింది. మాది సూర్యాపేట దగ్గర. అమెరికాలో సంక్షేమ పథకాల సాఫ్ట్‌వేర్ మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను.

ఇక్కడ పేద కుటుంబాలకు నగదు సాయం ఇచ్చే టాన్ఫ్ (TANF) అనే పథకం 1996 చట్టంతో వచ్చింది. సాయం తీసుకునే పెద్దవాళ్లు పనిలో గానీ, పనికి సంబంధించిన శిక్షణలో గానీ ఉండాలి. రాష్ట్రం మొత్తం మీద 50 శాతం కుటుంబాలు, తల్లిదండ్రులిద్దరూ ఉన్న కుటుంబాల్లో అయితే 90 శాతం, నిర్ణీత గంటలు పూర్తి చేయాలి. లేకపోతే రాష్ట్రానికి వచ్చే కేంద్ర నిధుల్లో కోత పడుతుంది. ఆ శాతం కట్టడానికి కావలసిన లెక్కలు పంపేది ఆ రాష్ట్రమే.

2005లో కేంద్ర ఆడిట్ సంస్థ జీఏఓ కొన్ని రాష్ట్రాల లెక్కలు పరిశీలించింది. ‘పని’ అంటే ఏమిటో ఒక్కో రాష్ట్రం ఒక్కో రకంగా రాసుకుంది. డాక్టరు చెప్పిన మంచం విశ్రాంతిని, ఇంట్లో చేసే వ్యాయామాన్ని కూడా పని కింద లెక్కేసిన సందర్భాలు ఆ రోజుల్లో బయటికి వచ్చాయి. గంటలు నిజంగా పూర్తయ్యాయో లేదో సరిచూసే పద్ధతి కూడా అన్నిచోట్లా ఒక్కలా లేదు. అంటే రెండు రాష్ట్రాల శాతాలు పక్కపక్కన పెట్టి ఇది మెరుగు, అది వెనకబడింది అని చెప్పే వీలే లేదు. ఆ తర్వాత చట్టం మార్చారు. 2006 నుంచి పనికి ఒకే నిర్వచనం పెట్టి, గంటలు ఎలా సరిచూస్తారో ప్రతి రాష్ట్రం ప్రణాళిక రాసివ్వాలన్నారు.

నిర్వచనాలు బిగించాక అంకెలు వేరే దారి పట్టాయి. సాయం తీసుకునే కుటుంబాలు తగ్గితే రాష్ట్రం చేరాల్సిన లక్ష్యం కూడా తగ్గే వెసులుబాటు చట్టంలోనే ఉంది. అవి పనిలో చేరి తగ్గాయా, జాబితాలోంచి పోయి తగ్గాయా అన్నది ఆ లెక్కలో పెద్దగా కనిపించదు. అక్క చెప్పిన పేర్ల తొలగింపు చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. ఇంకో దారి కూడా ఉండేది. ఇప్పటికే ఉద్యోగం చేస్తూ ఆహార సాయం అందుకుంటున్న కుటుంబాలకు నెలకు చిన్న మొత్తం ఇచ్చి ఆ లెక్కలో చేర్చుకోవడం. కాలిఫోర్నియాలో అది నెలకు 10 డాలర్లుగా ఉండేది. అప్పట్లో చట్టం ఒప్పుకున్న పద్ధతే. కానీ శాతం పెరిగినంత మాత్రాన కొత్తగా ఒక్కరికైనా పని దొరికిందని చెప్పలేం.

తమ్ముడూ, నీ పట్టికల్లో సగటు రోజులు రాసేటప్పుడు కింద భాగహారంలో ఎవరున్నారో చూసుకో. మన దగ్గర ఒక్కో కుటుంబానికి సగటు పనిదినాలు అనేది కనీసం ఒక రోజైనా పనికి వచ్చిన కుటుంబాల మీద కట్టే సగటు. అడిగి దొరకనివాళ్లు, పేరు పోయినవాళ్లు అందులో ఉండరు. పేర్లు తీసేసిన ఏడాది కూడా సగటు బాగున్నట్టే కనిపించొచ్చు.

జవాబు: డిండి_పిల్లగాడు

అక్కా, అన్నలూ, అందరికీ చానా థ్యాంక్స్. గైడ్ సారుకు ఈ సర్వే సంగతి చెప్పిన. ఊర్లె కూడా అడిగి రా, వెబ్‌సైట్ పట్టిక పక్కన పెడుదాం అన్నరు. మా తండా చిన్నది, అన్ని ఇండ్లకు పోత. కాకపోతే ‘ఏ తేదీ పని అడిగిన్రు’ అంటే ఎవరికి యాది ఉంటది? చానా ఇండ్లకు తాళాలే ఉన్నయి, పుణె పోయిన్రు, హైదరాబాద్ పోయిన్రు. వాళ్లను ఎట్ల లెక్కగట్టాలె?

జవాబు: పాలమూరు_అక్క

తేదీ అడుగకు తమ్మీ, ఎవరూ చెప్పలేరు. పండుగలతోని, పంటతోని అడుగు. ‘పత్తి ఆఖరి ఏరుడు అయినంకనా, శివరాత్రికి ముందా, ఉగాది దాటినంకనా’ అంటే టక్కున చెప్తరు. 2025ల శివరాత్రి ఫిబ్రవరి 26, ఉగాది మార్చి 30. ఆ నడుమ అడిగిన అన్నోళ్లను ఒక గడిల వెయ్యి. తర్వాత వెబ్‌సైట్‌ల అదే కుటుంబానికి మొదటి మస్టర్ ఏ తేదీన తీసిన్రో జాబ్ కార్డు నంబరుతోని చూసుకో. అక్కడ పేరు పేరుకు లెక్క దొరుకుతది, పంచాయతీ మొత్తం అంకెతోని కొట్లాడే పని లేదు. రెంటి నడుమ ఎన్ని వారాలు ఉన్నదో రాసుకో. నీ ప్రాజెక్టుకు అదే అసలైన పట్టిక.

ఎవరిని అడిగిన్రు అన్నది కూడా రాసుకో. మేట్‌నా, ఫీల్డ్ అసిస్టెంట్‌నా, కార్యదర్శినా, గ్రామసభలనా. కాయితం ఇచ్చిన్రా, నోటితోని అడిగిన్రా. నోటితోని అడిగిందే ఎక్కువ ఉంటది. ‘పని కావాల్నా’ అని మాత్రం అడుగకు, అట్ల అడిగితే అందరూ కావాలనే అంటరు. ‘పోయిన ఎండాకాలం ఎవరినన్న పోయి అడిగిన్రా’ అని అడుగు. ఫీల్డ్ అసిస్టెంట్‌ను పక్కన పెట్టుకొని ఇండ్లల్లకు పోకు. ఆయన మంచోడే కావచ్చు, కానీ ఆయన నిలబడ్డ కాడ ఆడోళ్లు మాట్లాడరు. మగోళ్లు అరుగు మీద కూసొని ఆడోళ్ల తరఫున జవాబు చెప్తరు, దాన్ని కూడా కాసుకో.

తాళం వేసిన ఇండ్లకు పక్కింటోళ్ల దగ్గర ఫోన్ నంబరు తీసుకొని రాత్రి ఎనిమిది దాటినంక చెయ్యి, అప్పుడు పని దిగి ఉంటరు. ఎప్పుడు పోయిన్రు, పోయే ముందు ఇక్కడ పని అడిగిన్రా, ఈ రెండే అడుగు. ఫోన్ కలవని ఇండ్లను ‘పని అడుగలే’ అన్న గడిల వెయ్యకు. వాటికి వేరే గడి పెట్టి, ఎన్ని ఇండ్లున్నయో పట్టిక కింద రాయి.